ఆయుధ హక్కు – రాజ్యాంగకర్తల హృదయం

కావ్యం చదివేవాడు కవిహృదయం పట్టుకోవాలన్నది మన పాత వ్యాఖ్యాతల నియమం. ప్రగతిశీల విమర్శ ఈ నియమాన్ని పూర్తిగా కాదనలేదు గానీ దానికి కొన్ని ప్రశ్నలు జోడించింది. కవి ఏమనుకున్నాడన్నది ఒక్కటే చాలదు. ఎవరి మధ్య నిలబడి అనుకున్నాడు, ఎవరిని లెక్కలోకి తీసుకోకుండా అనుకున్నాడు, ఆ మాట తర్వాత ఎవరి బతుకు మీద ఎలా పనిచేసింది అన్నవి కూడా అడగాలంది. ప్రబంధాల మీదా శతకాల మీదా మనం ఏళ్ల తరబడి చేస్తున్న ఈ తగాదాయే న్యాయశాస్త్రంలో మరో పేరుతో నడుస్తోంది. రాజ్యాంగం రాసినవారి ఉద్దేశమే రాజ్యాంగానికి అర్థమా, లేక కాలాన్ని బట్టి ఆ అర్థం పెరుగుతుందా అన్నది అక్కడి వివాదం. అది బాగా రాజుకున్నది తుపాకి దగ్గర.

అమెరికా రాజ్యాంగానికి 1791లో చేర్చిన రెండవ సవరణ ఒకే ఒక్క వాక్యం. అందులో మొదటి సగం ప్రజాసైన్యం అవసరాన్ని గురించి చెబుతుంది. రెండో సగం ఆయుధాలు ఉంచుకునే ప్రజల హక్కును గురించి చెబుతుంది. మొదటి సగం రెండోదానికి షరతా, ఒట్టి పీఠికా అన్నదే చిక్కు. 2008లో హెల్లర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, అది పీఠిక మాత్రమేననీ, సైన్యంతో పనిలేకుండా వ్యక్తికి తుపాకి హక్కు ఉందనీ తీర్పు చెప్పింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా పద్ధెనిమిదో శతాబ్దపు జాన్సన్ నిఘంటువును ముందేసుకుని ఒక్కొక్క మాటకూ అర్థం తీశాడు. సూర్యరాయాంధ్ర నిఘంటువు పక్కన పెట్టుకుని పద్యానికి ప్రతిపదార్థం చెప్పే మన పండితుడికీ ఆయనకూ నాకు పెద్ద తేడా కనిపించలేదు. 2022లో బ్రూయెన్ కేసులో అదే కోర్టు మరో అడుగు ముందుకు వేసి, తుపాకి మీద ఏ ఆంక్ష పెట్టినా దానికి దేశ చరిత్రలో సంప్రదాయం ఉన్నట్టు ప్రభుత్వమే చూపాలంది. రెండేళ్లు తిరగకుండా 2024లో రహీమీ కేసులో, గృహహింసకు పాల్పడినవాడి చేతిలోంచి తుపాకి తీసుకోవచ్చునా అన్న ప్రశ్న వచ్చేసరికి ఆ పట్టు కొంత సడలించుకోక తప్పలేదు.

ఇదంతా అమెరికా వాళ్ల గొడవ అని వదిలెయ్యడానికి లేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలాతే పట్టణంలో ఒక తెలుగు ఇంజనీరును, తమ దేశం విడిచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. మా జిల్లాలోనూ చిన్న చిన్న ఊళ్ల నుంచి ఇవాళ పిల్లలు అక్కడికి చదువులకు వెళుతున్నారు. ఇక్కడి తల్లిదండ్రులకు ఆ వాక్యం సంగతి తెలియకపోయినా దాని ఫలితం తెలుసు.

అయితే నేను చెప్పదలచుకున్నది అమెరికాను గురించి కాదు. ఆ చర్చలో కనబడీ కనబడకుండా ఉన్న ఒక ప్రశ్నను గురించి. ఆ వాక్యంలో 'ప్రజలు' అన్నప్పుడు ఎవరు? 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి టేనీ, నల్లవారిని పౌరులుగా ఒప్పుకుంటే వాళ్లు ఆయుధాలు పట్టుకుని తిరిగే హక్కు కూడా అడుగుతారని భయం వెలిబుచ్చాడు. బానిసత్వం రద్దయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం విముక్తులైన నల్లవారు తుపాకి ఉంచుకోరాదని చట్టం చేసింది. నూరేళ్ల తర్వాత, 1967లో, బ్లాక్ పాంథర్లు బహిరంగంగా తుపాకులు ధరించి పోలీసుల వెంట నడిచేసరికి, కాలిఫోర్నియాలో గుండు నింపిన తుపాకిని బాహాటంగా మొయ్యడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. సంతకం పెట్టిన గవర్నరు రొనాల్డ్ రీగన్. అంతకన్నా వెనక్కి వెళితే 1689 నాటి ఇంగ్లండు హక్కుల చట్టం ఆయుధాన్ని ప్రొటెస్టెంట్లకు మాత్రమే, అదీ వారి వారి స్థితికి తగినట్టుగా అనుమతించింది. స్థితికి తగినట్టుగా! ఆయుధ చట్టాల చరిత్రలో ఇంత నిజాయితీగా పలికిన మాట నాకు మరొకటి కనబడలేదు.

ఇక మన దేశానికి వద్దాం. ఈ కథ 1878లో మొదలవుతుంది. రచయితలు ఆ సంవత్సరాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. వైస్రాయి లిట్టన్ ఆ ఒక్క ఏడాదిలోనే రెండు చట్టాలు తెచ్చాడు. ఒకటి దేశభాషా పత్రికల చట్టం, రెండోది ఆయుధాల చట్టం. కలాన్నీ కత్తినీ ఒకే చేత్తో పట్టి లాక్కున్నాడన్నమాట. రెండేళ్ల ముందే, 1876లో, నాటక ప్రదర్శనల చట్టం వచ్చింది. అప్పటికే దక్షిణాదిని ధాత కరువు తినేస్తోంది. కరువులో జనం నోట్లో మెతుకు లేకుండా చేసి, వాళ్ల నోరూ చెయ్యీ రెండూ కట్టేసిన ఈ దొర 'ఓవెన్ మెరిడిత్' అన్న మారుపేరుతో కవిత్వం రాసేవాడు. కవి అయినంత మాత్రాన మనిషి మృదువుగా ఉంటాడనుకునే మన సాహిత్య విద్యార్థులు ఈ సంగతి మనసులో పెట్టుకోవడం మంచిది.

ఈ రెండు చట్టాల ఆయుష్షులు పోల్చి చూస్తే వలసపాలకుల మనసు తెలుస్తుంది. పత్రికల చట్టం దేశభాషలకే వర్తించేది, ఇంగ్లీషు పత్రికలకు కాదు. అందుకే 'అమృత బజార్ పత్రిక' రాత్రికి రాత్రి ఇంగ్లీషులోకి మారిపోయింది. 1882లో రిప్పన్ ఆ చట్టాన్ని రద్దు చేశాడు. ఆయుధాల చట్టాన్ని మాత్రం ఏ వైస్రాయీ ముట్టుకోలేదు. అది వాళ్లు వెళ్లిపోయాక కూడా ఉంది. స్వతంత్ర భారతం 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసింది. అది అమలులోకి వచ్చింది 1962 అక్టోబరు 1న. అంటే 1950లో రాజ్యాంగం వచ్చిన తర్వాత కూడా పన్నెండేళ్లు మనం లిట్టన్ చట్టం కిందనే బతికాం.

ఆ చట్టం ఎవరికి వర్తించింది? ఆయుధాలన్న మాటకు అది ఇచ్చిన నిర్వచనంలో తుపాకులూ ఫిరంగులూ మాత్రమే లేవు. కత్తులు, బాకులు, బరిసెలు, బరిసె మొనలు, చివరికి విల్లంబులు కూడా ఉన్నాయి. మరోపక్క దాని కింది నియమాల్లో మినహాయింపుల జాబితా ఉంది. యూరోపియన్లకు అక్కరలేదు. ప్రభుత్వం మెచ్చి బిరుదులిచ్చిన రాజాలకూ పెద్దలకూ అక్కరలేదు. 1920 ప్రాంతంలో నియమాలు మార్చి జాతిభేదాన్ని తొలగించారు గానీ హోదాభేదం నిలిచింది. మన్యంలో వేట మీద ఆధారపడి, అడవిపంది నుంచి పోడు చేనును కాపాడుకోవడానికి విల్లు పట్టే సవర, జాతాపు, కోయ రైతులు చట్టం మాట ప్రకారం సాయుధులు. గోడకు రెండు గొట్టాల తుపాకి తగిలించుకున్న బిరుదాంకితుడు చట్టం ప్రకారం మర్యాదస్థుడు. 1689 నాటి 'స్థితికి తగినట్టు' అన్న మాట సముద్రం దాటి మన ఊళ్లకు వచ్చింది.

నేను పాఠాలు చెప్పే బొబ్బిలిలో ఆయుధాన్ని గురించి మాట్లాడడం కొత్తేమీ కాదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులూ, విజయనగరం పూసపాటి విజయరామరాజు బలగాలూ కలిసి బొబ్బిలి కోటను నేలమట్టం చేసినప్పటి నుంచి ఇక్కడి కథకు ఆయుధమే ప్రాణం. తాండ్ర పాపారాయుడు పగవాడి గుడారంలో దూరిన కథ జంగాల నోటా, దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము'లోనూ, చివరికి 1964లో సినిమాలోనూ నడిచింది. యుద్ధం జరిగిన చోట స్మారక స్తంభం నిలిపింది 1891లో, అప్పటి మహారాజా. ఆ తేదీని ఎవరూ పట్టించుకోరు. ఆయుధాల చట్టం అమలులోకి వచ్చి అప్పటికి పదమూడేళ్లు. అంటే ఏ రైతు చేతిలోనూ లైసెన్సు లేకుండా తుపాకి ఉండరాదని చట్టమున్న కాలంలో, ఆయుధం పట్టి చచ్చిన పూర్వుల జ్ఞాపకానికి రాతి స్తంభం లేచింది. శౌర్యం స్తంభంలోకి వెళ్లింది, ఆయుధం ప్రభుత్వ ఖజానాలోకి వెళ్లింది. జమీందార్ల సొంత సైన్యాల కథ అంతకు చాలా ముందే ముగిసింది. 1794 జూలై 10న పద్మనాభంలో విజయనగరం రాజు కుంపిణీ సైన్యం చేతిలో నేలకొరగడంతోనూ, 1802 శాశ్వత పైసలాతోనూ సైనికాధికారం పోయి శిస్తు వసూలు అధికారం మిగిలింది. ఆయుధం పోయిన జమీందారుకు ఆయుధపు గౌరవాన్ని తిరిగి ఇచ్చింది లిట్టన్ మినహాయింపుల జాబితా.

మన్యంలో ఈ వ్యవహారం ఇలా సాఫీగా జరగలేదు. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరుకే గవర్నరు ఏజెంటుగా అధికారాలన్నీ ఇచ్చారు. 'ఏజెన్సీ' అన్న మాట అలా పుట్టింది. ఆయుధాల చట్టం వచ్చిన మరుసటి ఏడే, 1879 మార్చిలో, చిగురుపన్ను మీదా మన్సబుదారు దోపిడి మీదా రంప ప్రాంతం తిరగబడింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి 26 తుపాకులు తీసుకున్నాడు. తీసుకున్నవాటికి ఠాణా పుస్తకంలో లెక్క రాసి సంతకం పెట్టాడన్నది అందరికీ తెలిసిన సంగతే. దాన్ని సాహసంగా మాత్రమే చెబుతాం. నాకు దానిలో చట్టానికి సంబంధించిన ఒక వెక్కిరింత కూడా కనబడుతుంది. లైసెన్సు ఇచ్చేవాడి పుస్తకంలోనే తన లైసెన్సు తాను రాసుకున్నాడు!

దేశంలో మరోపక్క ఇదే చట్టం మీద అర్జీలు నడిచాయి. 1887లో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన మద్రాసులో జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభ ఆయుధాల చట్టాన్ని సవరించాలని తీర్మానించింది. ఆ తీర్మానం ధోరణి రాజభక్తులను అనుమానించడం తగదన్న మనవిలా ఉంటుంది, ప్రజల హక్కులా కాదు. నలభయ్యేళ్లలో భాష మారింది. 1928 నెహ్రూ నివేదిక ఆయుధాలు కలిగివుండడాన్ని హక్కుల జాబితాలో చేర్చింది. అహింసావాది గాంధీయే, జాతిని నిరాయుధం చేసిన ఆ చట్టం బ్రిటిషు పాలన చేసిన పాపాలన్నిటిలోకీ నల్లనిదని రాశాడు. 1930 జనవరిలో ఇర్విన్ ముందు పెట్టిన పదకొండు కోర్కెల్లో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు, అదీ ప్రజల అదుపులో, అన్నది ఒకటి. 1931 మార్చిలో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో, బతకడానికి చాలినంత కూలి, కార్మికుల హక్కులతో పాటు, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఉంటుందని రాసుకున్నారు.

పదహారేళ్ల తర్వాత అధికారం చేతికొచ్చింది. రాజ్యాంగసభలో, ముసాయిదా పదమూడవ అధికరణం మీద 1948 డిసెంబరు తొలి రోజుల్లో చర్చ జరిగింది. ఐ.సి.ఎస్. వదులుకుని సుభాష్ బోస్ వెంట నడిచిన హెచ్.వి. కామత్ లేచి, కరాచీ మాటను గుర్తు చేస్తూ, పౌరుడి స్వేచ్ఛల్లో ఆయుధం ఉంచుకునే హక్కును కూడా చేర్చాలని సవరణ ప్రతిపాదించాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. బ్రిటిషువాళ్లు ఒక జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన రోజుల్లో ఆ కోర్కెకు అర్థం ఉంది, ఇప్పుడు పరిస్థితులు మారాయి, ప్రతివాడూ బజారుకు వెళ్లి అడ్డూ ఆపూ లేకుండా మారణాయుధాలు కొనుక్కునే హక్కు ఉంటే రాజ్యం పాలన సాగించడం ఎలాగో తనకు ఊహకందదన్నాడు. సవరణ వీగిపోయింది. ఆ ముసాయిదా చివరికి పంతొమ్మిదవ అధికరణంగా నిలిచింది. అందులో ఆయుధమన్న మాట ఒక్కచోట వస్తుంది – శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు దగ్గర. హక్కుగా అడిగిన వస్తువు చివరికి షరతుగా మిగిలింది. సిక్కుల కిర్పాణ్‌ను ఇరవై అయిదవ అధికరణం మతస్వేచ్ఛలో భాగంగా గుర్తించింది. అదొక్కటే మినహాయింపు.

మద్రాసు నుంచి రాజ్యాంగసభకు వెళ్లినవారి జాబితాలో ప్రకాశం, పట్టాభి, దుర్గాబాయి, రంగా వంటి వారి పేర్లతో పాటు బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు పేరు కూడా ఉంది. అంతకుముందు 1930లలో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా పనిచేసినవాడే. 1757లో ఫిరంగికి ఎదురు నిలిచిన వంశం వారసుడు, పౌరుడికి ఆయుధం అక్కరలేదని నిర్ణయించిన సభలో సభ్యుడు కావడం చరిత్రలోని చమత్కారం.

ఇక్కడే నాకూ మన మిత్రుల్లో కొందరికీ పేచీ. కరాచీలో రాసుకున్నదాన్ని ఢిల్లీలో కొట్టేశారు కాబట్టి ఇది బూర్జువా నాయకత్వం చేసిన ద్రోహమని వారంటారు. అధికారం లేనప్పుడు ఆయుధ హక్కు అడిగినవాళ్లు అధికారం రాగానే జనం చేతుల్ని చూసి భయపడ్డారని వారి వాదన. చదవడానికి బాగుంటుంది. కాని చారిత్రక భౌతికవాదం నేర్పిన మొదటి పాఠం, హక్కు కాగితం మీద ఎవరికుందని కాక ఆచరణలో ఎవరి చేతికి వెళుతుందని అడగడం. కామత్ సవరణ నెగ్గి ఉంటే 1950 తర్వాత మన పల్లెల్లో తుపాకి కొనగలిగినవాడు ఎవడు? కొనడానికి డబ్బు, లైసెన్సుకు పలుకుబడి, దాచడానికి మేడ ఉన్నవాడు. కూలివాడికి పనికిరాని హక్కు భూస్వామికి కవచమయ్యేది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను చంపింది దేశ్‌ముఖ్ గడీ నుంచి పేలిన తుపాకి. రాజ్యాంగసభ మాట్లాడుకుంటున్న నాటికి ఆ పోరాటం ఇంకా నడుస్తోంది. రజాకార్లు జనం మీద పడిన రోజులు గడిచి మూడు నెలలు కాలేదు. దేశవిభజన నెత్తురు ఆరలేదు. ఆ ఏడాది జనవరి 30న గాంధీని పిస్తోలుతో చంపారు. ఆ సంవత్సరంలో అంబేద్కర్ అలా కాక మరోలా ఎలా మాట్లాడగలడు? అమెరికాలో నల్లవారి కథ తెలిసినవాడు ఆయుధ హక్కు అనగానే పీడితుడి చేతిలో తుపాకిని ఊహించుకోడు.

కాబట్టి నా మటుకు అంబేద్కర్ చేసింది ద్రోహం కాదు. అయితే ఆ మాటకు రెండో సగం ఉంది. ఆ రెండో సగాన్ని చదవకుండా రాజ్యాంగకర్తల ఉద్దేశం ఇదీ అనడం, పద్యంలో రెండు పాదాలు చదివి కవిహృదయం తేల్చడమే. నీ చేతిలోని ఆయుధం అవతల పెట్టు అని పౌరుడికి చెప్పిన రాజ్యం, నిన్ను కాపాడే పూచీ నాది అని కూడా అన్నట్టే. ఆ పూచీ మౌనంగా లేదు, రాసే ఉంది. పద్నాలుగవ అధికరణంలో చట్టం ముందు సమానత ఉంది. నలభయ్యారవ అధికరణంలో షెడ్యూల్డు కులాలనూ తెగలనూ సామాజిక అన్యాయం నుంచీ, అన్ని రకాల దోపిడి నుంచీ కాపాడాలని రాజ్యానికి ఆదేశం ఉంది. అయిదవ షెడ్యూలులో గిరిజన ప్రాంతాల్లో ఏ చట్టాన్నయినా ఆపి కొత్త నిబంధనలు చేసే అధికారం గవర్నరుకు ఇచ్చారు. ఇచ్చిన మాటలో తేడా ఒకటుంది. ఆయుధం పట్టరాదన్నది పోలీసు అమలు చేసే చట్టం. దోపిడి నుంచి కాపాడాలన్నది, ముప్ఫయ్యేడవ అధికరణం ప్రకారం, ఏ కోర్టుకూ వెళ్లి అడగడానికి వీల్లేని ఆదేశసూత్రం.

ఈ తేడా ఎలా పనిచేసిందో చూడడానికి మాకు ఎక్కువ దూరం వెళ్లనక్కరలేదు. బొబ్బిలి నుంచి పార్వతీపురం, అక్కడినుంచి కురుపాం కొండలు. 1917 నుంచీ గిరిజనుడి భూమి గిరిజనేతరుడు తీసుకోరాదని చట్టముంది. అయినా యాభయ్యేళ్లలో అప్పుల కింద, తప్పుడు కాగితాల కింద కొండవాలు పొలాలు షావుకార్ల చేతికి పోయాయి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభకు వెళుతున్న జనాన్ని లేవిడి దగ్గర భూస్వాములు అటకాయించి కాల్చారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. సభకు వెళుతున్నవారు వాడుకుంటున్నది పంతొమ్మిదవ అధికరణంలోని సమావేశ హక్కు. ఆ హక్కుకున్న షరతు ఆయుధం లేకపోవడం. షరతు పాటించారా లేదా అని అడిగేవాడు రాకముందే ఎదుటివాడి చేతిలో తుపాకి పేలింది. తర్వాత కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. అమెరికా తరహా హక్కు రాసిలేని దేశంలో కూడా భూస్వామికి తుపాకి ఉండనే ఉంది, దానితో పాటు నిర్దోషిత్వమూ ఉంది.

ఆ తర్వాత జరిగింది పాఠకులకు తెలుసు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చెప్పుకునే కవి. 1969 డిసెంబరులో పాణిగ్రాహినీ, 1970 జూలై 10న సత్యం, కైలాసంలనూ పోలీసులు చంపారు. వాళ్లు ఎంచుకున్న దారి గెలుపు దారి కాదని నేననుకుంటాను. దాని మూల్యం చెల్లించినవాళ్లలో ఎక్కువమంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేని సవరలు, జాతాపులు. కాని ఆ దారిలోకి వాళ్లను నెట్టింది ఏ సిద్ధాంత గ్రంథమో అనేవారు లేవిడి తీర్పును చదవడం మర్చిపోతున్నారు.

ఆ రోజుల్లో మన్యం మీద ప్రయోగించిన చట్టం పేరు కల్లోలాల అణచివేత చట్టం. మద్రాసు రాష్ట్రం దాన్ని చేసింది 1948లో, సరిగ్గా రాజ్యాంగసభ ఆయుధాల మీద చర్చించిన ఏడాదే. కల్లోలిత ప్రాంతమని ప్రకటించిన చోట, అయిదుగురు లేక అంతకు మించి గుమిగూడరాదన్న ఉత్తర్వును గానీ, ఆయుధాలు మొయ్యరాదన్న ఉత్తర్వును గానీ మీరినవారి మీద, హెచ్చరించి, ప్రాణం పోయేటట్టు కాల్చే అధికారం సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయి నుంచే ఇచ్చింది. భుజాన విల్లు లేకుండా సవరవాడు అడవిలోకి వెళ్లడు. లిట్టన్ నిర్వచనంలో ఆయుధమైన ఆ విల్లే ఇప్పుడు అతడి ప్రాణానికి షరతయింది. 1959 చట్టం వ్యవసాయానికీ ఇంటిపనికీ మాత్రమే వాడే వస్తువులనూ, లాఠీనీ, చేతికర్రనూ ఆయుధాల జాబితా నుంచి తీసేసింది గానీ, వేటగాడి పనిముట్టుకు అలాంటి మన్నన దొరకలేదు. గిరిజనుల భూమి బదలాయింపు చట్టాన్ని గట్టిగా బిగించిన 1/70 నిబంధన 1970లో వచ్చింది. యాభయ్యేళ్లు కాగితం మీద పడుకున్న పూచీ నెత్తురు కారాక లేచింది.

పక్కనే మరో కొండప్రాంతాన్ని పోల్చి చూడండి. కర్ణాటకలోని కొడగులో కొడవ జాతివారికీ, జమ్మా భూములున్నవారికీ తుపాకి లైసెన్సు అక్కరలేదు. 1861లో బ్రిటిషువారు, తమకు చూపిన విధేయతకు మెచ్చి ఇచ్చిన మినహాయింపు అది. స్వతంత్ర ప్రభుత్వం 1963లో దాన్ని కొనసాగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు అది చెల్లుతుందంది. కొడవల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వేటా పంటా అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. ఒక కొండకు విధేయత, భూమి ఉన్నాయి. రెండో కొండకు తిరుగుబాటు, పోడు ఉన్నాయి. చట్టం ఏ కొండను నమ్మిందో కనబడుతూనే ఉంది.

రాసినవారి ఉద్దేశం అన్న ప్రమాణం ఎప్పుడూ ప్రజల పక్షాన నిలబడదు. మన సుప్రీంకోర్టు దాన్ని మొదటిసారి గట్టిగా వాడుకున్నది ఒక కమ్యూనిస్టు ఖైదీ మీద. మద్రాసు జైల్లో విచారణ లేకుండా నిర్బంధించిన ఎ.కె. గోపాలన్ 1950లో కోర్టుకెక్కాడు. రాజ్యాంగసభ 'న్యాయమైన ప్రక్రియ' అన్న అమెరికా మాటను వద్దనుకుని 'చట్టం నిర్దేశించిన ప్రక్రియ' అన్న మాటను కావాలనే వేసుకుంది. అలా మార్చడానికి ముందు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌తో మాట్లాడి వచ్చాడు. కోర్టు ఆ మాటను అక్షరాలా పట్టుకుంది. చట్టసభ చేసిన ప్రక్రియ ఉంటే చాలు, అది న్యాయమా కాదా అన్నది తాము చూడనక్కరలేదంది. ఎమర్జెన్సీ అనుభవం అయ్యాక, 1978లో మేనకాగాంధీ కేసులో, ప్రక్రియ న్యాయంగానూ ఉండాలని అదే కోర్టు ఒప్పుకుంది. అంటే మన దేశంలో మనిషి ప్రాణానికి కొంత విలువ దొరికింది కవిహృదయాన్ని దాటి చదివినప్పుడే. అయినా నేను ఆ హృదయాన్ని పూర్తిగా వదులుకోమనను. దాన్ని ముక్కలుగా చదవొద్దంటాను.

అలా మొత్తంగా చదివిన తీర్పు ఒకటుంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు తగలబడి వేలమంది ఆదివాసులు సరిహద్దు దాటి మన ఖమ్మం అడవుల్లోకి వచ్చిపడ్డారు. ప్రభుత్వం అయిదో తరగతి చదివిన గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా చేర్చుకుని, నెలకు మూడు వేల రూపాయలిచ్చి, రెండు నెలల శిక్షణతో చేతికి తుపాకులిచ్చింది. 1878 నుంచీ వాళ్ల విల్లుకే భయపడిన రాజ్యం ఇప్పుడు తానే వాళ్లకు తుపాకి అందించింది, తమవాళ్లనే కాల్చడానికి. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఆ నియామకాలు సమానత్వ హక్కుకూ జీవించే హక్కుకూ విరుద్ధమని తేల్చి, తుపాకులన్నీ వెనక్కి తీసుకోమన్నారు. కాన్రాడ్ నవల 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్'ను తలుచుకుంటూ మొదలయ్యే ఆ తీర్పును సాహిత్య విద్యార్థులు ఒకసారి చదవాలి. రాజ్యం ఒప్పుకున్న పూచీని పేదవాడి భుజం మీదకు నెట్టి, దానికి ఆత్మరక్షణ అని పేరు పెట్టడం కుదరదన్నది దాని సారం. 1948లో అంబేద్కర్ ఇచ్చిన జవాబుకు రెండో సగాన్ని అరవై మూడేళ్ల తర్వాత ఒక తెలుగు న్యాయమూర్తి రాశాడని నేననుకుంటాను.

తీర్పు వచ్చిన కొద్ది నెలల్లోనే ఛత్తీస్‌గఢ్ శాసనసభ సహాయక సాయుధ పోలీసు దళాల పేరుతో కొత్త చట్టం చేసింది. అది కోర్టు ధిక్కారమంటూ వేసిన పిటిషను పదమూడేళ్లు నలిగింది. శాసనసభ చట్టం చెయ్యడం ధిక్కారం కాదంటూ 2025 మే నెలలో సుప్రీంకోర్టు దాన్ని ముగించింది.